చేతులెత్తి పెట్టిన పేరు

హోల్మ్‌రోడెలో ఇర్మెలా టీడెమాన్‌ని అందరూ వెనకాల పేర్ల పంతులమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఊరి చివర, మిలిటరీ వాళ్లు ఖాళీ చేసి వెళ్లిన లారీ షెడ్లలో పాత యుద్ధ వాహనాల మ్యూజియం ఒకటుంది. దాన్ని నడిపేది ఊళ్లోవాళ్లు పెట్టుకున్న సంఘం. ఈ జర్మన్ గడ్డ మీద నలుగురు ఒకచోట చేరితే చాలు, సంఘం పెట్టేసి పదవులు పంచేసుకుంటారు. డబ్బుల పెట్టె ఒకరిది, తాళాలు ఇంకొకరివి, ఆదివారం కాఫీ మరొకరిది. ఇర్మెలాకి దక్కింది పలకల పదవి. ప్రతి బండి ముందూ దాని పేరు రాసిన పలక ఉంటుంది. ఆ పేరేమిటో తేల్చేది ఆమే, తేల్చాక నల్లరంగుతో తన చేత్తో రాసేదీ ఆమే.

ఇదేమంత పెద్ద పనా అనుకునేవాళ్లు ఒకసారి ఆమె పక్కన నిలబడి చూడాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు చేసిన ట్యాంకులకి ఒక్కోదానికి అరడజను పేర్లు. ఫ్యాక్టరీ వాడు పిలిచింది ఒకటి, సైన్యం కాగితాల్లో రాసుకుంది ఒకటి, అదీ మధ్యలో రెండుసార్లు మారుతుంది. సిపాయిలు సరదాకి పెట్టింది ఒకటి, శత్రువులు భయపడి పెట్టింది ఇంకొకటి. ఇవన్నీ చాలనట్టు, యుద్ధం అయిపోయాక పిల్లల బొమ్మల డబ్బాల మీద పుట్టుకొచ్చింది మరొకటి. చూడ్డానికొచ్చే జనానికి మాత్రం పులులూ ఏనుగులూ ఖడ్గమృగాలూ కావాలి. ఎవరైనా తండ్రి తన కూతుర్ని ఎత్తుకుని "అదిగో రాజపులి" అన్నాడంటే ఇర్మెలా అక్కడ ప్రత్యక్షమయ్యేది. తయారైన రోజున సైన్యం దాన్ని ఏమని రాసుకుందో అదే దాని పేరని, ముద్దుపేర్లు ఇంటికెళ్లాక పెట్టుకోమని చెప్పేది. కొందరు నవ్వేవాళ్లు, కొందరు మొహం మాడ్చుకునేవాళ్లు. ఆమెకి రెండూ ఒకటే.

హానోవర్‌లో నీటి పంపుల ఫ్యాక్టరీలో నక్షాలు గీసి రిటైరైన మనిషి. అక్కడ ఒక మరకి తప్పు పేరు రాస్తే మర్నాడు మిషను ఆగిపోయేది. ఆ అలవాటే ఇక్కడికీ వచ్చింది. మనుషులు చెప్పింది వినాలి, నమ్మాల్సింది మాత్రం ఇనుము చెప్పిందాన్నే అనేది. ఒక బండి పేరు తేల్చాలంటే దాని కిందికి దూరి, అతుకులు తడిమి, రంగు గోకి, కొలతలు తీసి, నెలలు గడిచాకే కుంచె పట్టేది. పెళ్లి చేసుకోలేదు. అడిగితే తీరిక దొరకలేదనేది.

మ్యూజియంలో అన్నిటికన్నా ముందు, తలుపు తీయగానే ఎదురయ్యే బండి ఒకటుంది. పైన తిరిగే బురుజు లేకుండా, నాలుగు వైపులా వాలుగా, తాబేలులా నేలకి అంటుకుని ఉంటుంది. ముందు వైపు ఫిరంగి గొట్టం పొడుచుకొస్తుంది. ట్యాంకుల్ని వేటాడే బండి అది. సైన్యం పెట్టిన పేరు యాగ్ట్‌పాంజర్ 38, అంటే వేట ట్యాంకు అని. లోకం మాత్రం దాన్ని హెట్సర్ అనే పిలుస్తుంది, తరిమి తరిమి వేటాడేవాడని అర్థం. ఆ పేరు పలక మీంచి తీయించి 38 రాయించడానికి ఇర్మెలా సంఘంతో ఏళ్ల తరబడి పోట్లాడింది. చివరికి గెలిచింది. గెలిచిన రోజున గోధుమసారా రెండు గుక్కలు తాగి, పాట కూడా పాడిందని చెప్పుకుంటారు.

ఆ బండిని ఊరికి తెచ్చింది ఆమె అన్న హెన్నింగ్. నిజానికి మ్యూజియం పుట్టిందే ఆ బండి కోసం.

యుద్ధం ముగిసే ఏప్రిల్ నెలలో హెన్నింగ్‌కి పదిహేనేళ్లు. గొర్రెల్ని తోలుకుని ఊరవతల బీడు మీద ఉన్నాడు. వెనక్కి పారిపోతున్న సిపాయిలు అలాంటి వేట బండినొకదాన్ని నల్లనీళ్ల చెరువులోకి తోలి, అది బుడగలు వదులుతూ మునిగిపోతుంటే చూసి, అడవిలోకి వెళ్లిపోయారు. హెన్నింగ్ పరుగెత్తుకొచ్చి ఊళ్లో చెప్తే ఒక్కరు కూడా నమ్మలేదు. నాన్న చెంప పగలగొట్టాడు. వాడు పెద్దవాడై క్రేను నడిపే పనిలో చేరాక కూడా ఊరు వాణ్ణి వదిలిపెట్టలేదు. హెన్నింగ్ హోటల్లో అడుగుపెడితే చాలు, నీ బండికి ఈత వచ్చిందా అని ఎవడో ఒకడు అడిగేవాడు. అలా ముప్పై ఏళ్లు. చివరికి ఒక వేసవిలో హెన్నింగ్, అతని నేస్తం ఒకడు కలిసి చెరువు చుట్టూ కంచె వేశారు, పంపులు పెట్టి నీళ్లు తోడారు. కొన్నాళ్లకి టార్పాలిన్ కప్పిన బండి ట్రైలరు మీద ఊళ్లోకి వచ్చింది. బ్యాండు మోగింది, పేపరు వాళ్లొచ్చారు. ఆ రోజు నుంచి హోటల్లో హెన్నింగ్‌ని చూసి నవ్వినవాడు లేడు.

ఇర్మెలా అప్పుడు హానోవర్‌లో ఉంది. తిరిగొచ్చి పలకల పదవి తీసుకున్నాక మొదట చేపట్టింది అన్న బండి పేరే. చెరువులోంచి తీశారనీ, ఇంజను పాడైపోతే వేరేది పెట్టారనీ హెన్నింగ్ చెప్పాడు, ఆమె రాసింది. లోపల పేలుడు సామాను ఏదైనా మిగిలి ఉండొచ్చని పైమూతకి అతను తాళం వేసుకున్నాడు. ప్రతి బండి కిందికీ దూరిన మనిషి ఆ ఒక్క తాళం మాత్రం తీయించలేదు. అన్నయ్య చెప్పాక ఇంక ఇనుముని అడిగేదేముంది అనుకుంది.

బెర్లిన్ గోడ కూలి ఏడెనిమిదేళ్లైన రోజుల్లో సంఘానికి అధ్యక్షుడిగా వోల్క్‌మార్ థీస్ అనే బీమా ఏజెంటు వచ్చాడు. మనిషి మంచివాడే, అందరికీ మంచివాడే, అదే అతనితో చిక్కు. హెన్నింగ్ పుట్టినరోజుకి ఆ బండి ముందు రాయి నిలబెట్టి ఇత్తడి పలక బిగించాలని అతను సంకల్పించాడు. కుర్రతనంలో అలాంటి బండిలోనే పనిచేసిన కూనో రాట్కే అనే ముసలాయన్ని బ్రెమెన్ నుంచి అతిథిగా పిలిచాడు. ఫోటో కోసం ఆయన్ని లోపల కూర్చోబెట్టాలని తాళం కూడా పగలగొట్టించాడు. హెన్నింగ్ ఆ వారం మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఉన్నాడు, అడ్డుపడ్డానికి లేడు.

కూనో రాట్కేని ఇద్దరు ఎత్తి పైమూతలోంచి దింపారు. కాసేపు లోపల ఏదో తడుముకుంటున్న చప్పుడు. తరవాత తెల్లజుట్టు బయటికొచ్చింది. మొహంలో సంతోషం లేదు. బండి పక్కన నిలబడ్డ ఇర్మెలాతో, మెల్లిగా అన్నాడు.

"అమ్మా, ఇందులో నాకు హాయిగా ఉందండీ. ఉండకూడదు."

"ఎందుకుండకూడదు?"

"నేను గుండ్లు ఎక్కించేవాణ్ణి. మా బండిలో నా సీటు ఎడం పక్క, ఫిరంగి తెరుచుకునేదేమో కుడి పక్కకి. ప్రతి గుండుకీ దాని మీదుగా అడ్డంగా పడుకున్నట్టు వంగాలి. నా పక్కటెముకలు ఎప్పుడూ కమిలిపోయే ఉండేవి. తిట్టుకోని రోజు లేదు. ఇక్కడ గుండ్లవాడి సీటు కుడి పక్కనే పెట్టారు. ఎవరో బుర్రున్నవాడు పెట్టాడు. మాకలాంటివాణ్ణి ఇవ్వలేదు."

వోల్క్‌మార్ నవ్వి, యాభై ఏళ్ల కిందటి మాట కదా, కుడి ఎడమలు తారుమారవుతాయని ముసలాయన భుజం తట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. కూనో రాట్కే నవ్వలేదు, ఇర్మెలా అసలే నవ్వలేదు. యుద్ధంలో జర్మన్లకి ఈ బళ్లు చేసిపెట్టిన చెక్ ఫ్యాక్టరీ, యుద్ధం అయిపోయాక అదే నమూనాలో స్విట్జర్లాండ్ సైన్యానికి బళ్లు చేసి అమ్మిందని, అందులో గుండ్లవాడి సీటూ కమాండరు సీటూ అటుదిటు మార్చారని ఆమెకి కొట్టినపిండి. ఆ బండి పేరు జి-13. స్విట్జర్లాండ్ వాళ్లు వాటిని వదిలించుకున్నాక చాలా చోట్ల వాటికే పాత రంగులు పూసి యుద్ధం నాటివని నిలబెట్టారని ఊరూరా తిరిగి ఉపన్యాసం ఇచ్చిందీ ఆమే. ఇతర మ్యూజియంల వాళ్లని ముక్కచీవాట్లు పెట్టిందీ ఆమే.

అందరూ కాఫీకి వెళ్లాక టార్చి పట్టుకుని లోపలికి దిగింది. సీట్ల దిమ్మలు పుట్టుకతో అక్కడివే, మార్చిన జాడ లేదు. ఫిరంగి గొట్టం కొస అరగదీసి ఉంది, జి-13కి ఉండే మూతి తొడుగు అక్కడ ఒకప్పుడు బిగించి ఉండేదన్నమాట. జర్మన్ రంగు గోకితే కింద స్విట్జర్లాండ్ సైన్యం పూసే ఆకుపచ్చ బూడిద రంగు. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం నేలరేకు. ముప్పై ఏళ్లు చెరువు నీళ్లలో నానిన ఇనుముకి మశూచి పోసినట్టు గుంటలుండాలి. ఇది అద్దంలా నున్నగా ఉంది. అరచేయి దాని మీద పెట్టి ఇర్మెలా చాలాసేపు కూర్చుంది. కోపం వచ్చింది. మొదట అన్న మీద, తరవాత తన మీద, ఆ రెండోది ఎక్కువ.

హెన్నింగ్ ఆసుపత్రి నుంచి రాగానే అతని ఇంటికి వెళ్లింది. వంటింట్లో కూర్చుని తెల్ల ఆస్పరాగస్ కాడలు చెక్కు తీస్తున్నాడు. భార్య పోయినప్పట్నుంచి వంట తనదే. చెల్లెలు గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"అన్నయ్యా, స్విట్జర్లాండ్‌లో ఎవరి దగ్గర కొన్నావు?"

కత్తి ఆగింది. అబద్ధం వెతుక్కునే మొహం కాదది. అలిసిపోయిన మొహం. తుక్కు వ్యాపారి దగ్గర, అన్నాడు. చెరువు తోడితే ఏం దొరికిందని ఆమె అడిగింది. బురద, ఒక విరిగిన చక్రం, అంతేనన్నాడు. ముందే ఎవరో లాగేసి తుక్కుకి అమ్ముకుని ఉంటారు. ఊరంతా గట్టు మీద ఎదురుచూస్తోంది. మళ్లీ చేతులూపుకుంటూ వెళ్తే చచ్చేదాకా ఈత మాటే. కంచె మూసే ఉంచి, ఇప్పుడు లేని ఆ నేస్తంతో కలిసి వెళ్లి దాన్ని తెచ్చాడు. ఒక్కసారి ఊళ్లోకి వచ్చాక ఇంక చెప్పాల్సిన పనే రాలేదు, జనమే చెప్పుకున్నారు.

"పలక మారుస్తాను," అంది ఇర్మెలా.

"నేను పోయాక మార్చుకో."

"నువ్వు పోయాక మారిస్తే నీ మీద నేరం మోపినట్టుంటుంది. నువ్వుండగానే మార్చాలి, నువ్వే చెప్పాలి."

"ఇర్మీ, ఆ ఏప్రిల్‌లో నేను చూశాను. అది మునుగుతుంటే నా కళ్లతో చూశాను. ఒక్కడు నమ్మాడా? నువ్వు నమ్మావా?"

"అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నువ్వేం చెప్తే అది నమ్మేదాన్ని. చూసింది వేరు, తెచ్చింది వేరు అన్నయ్యా. తెచ్చినదానికి దాని పేరు దానికుంది."

అయితే నీకన్న లేడనుకో, అన్నాడు హెన్నింగ్, చెక్కు తీస్తూనే. సరే, అనుకుంటాలే అని ఆమె వచ్చేసింది. తోవ పొడుగునా ఏడుస్తూనే నడిచింది, అయినా నడక ఆపలేదు.

మర్నాడు తను కనిపెట్టిందంతా సంఘానికి చెప్పి, పలక తీసేసింది. అప్పుడు మొదలైంది గొడవ. బండి ఊరి గుర్తైపోయింది. పెద్దరోడ్డు మీద దాని బొమ్మతో గోధుమరంగు బోర్డుంది. హోటల్లో దాని పేరిట సాసేజీ వంటకం ఉంది. రాయి వచ్చేసింది, ఇత్తడి పలక పోతపోసి వచ్చేసింది, బ్యాండు కుదిరింది. వోల్క్‌మార్ రెండు రోజులు ఆమె చుట్టూ తిరిగాడు. పోనీ రెండు పేర్లూ పెడదామన్నాడు. పోనీ ప్రశ్నార్థకం పెడదామన్నాడు. పెద్దాయన గౌరవం చూడండి అన్నాడు. ఏ బేరానికీ ఆమె లొంగకపోయేసరికి, ఈ దేశంలో సంఘాలకి తెలిసిన ఆఖరి మందు బయటికి తీశాడు. సర్వసభ్య సమావేశం వేసి, బండి పేరేమిటో ఓటుకి పెట్టాడు.

హోటలు హాల్లో అందరూ బీరు గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చున్నారు. హెన్నింగ్ ముందు వరసలో, కర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని. ఇర్మెలా లేచి సీట్ల సంగతి, రంగు సంగతి, నేలరేకు సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. ఎవరూ అది తప్పనలేదు. అదే ఆమెకి ఒళ్లు మండించింది. తప్పని అన్నా బాగుండేది. అందరూ నిజమేనని తలలూపి, నిజమే గానీ అన్నారు.

"ఇనుముకి ఓట్లేమిటి?" అందామె. "రేపు వాన పడాలా వద్దా అని కూడా వేయండి."

వోల్క్‌మార్ గొంతు సవరించుకుని, ఇప్పుడున్న పేరే కొనసాగాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి. ఒకడు ఎత్తితే పక్కవాడు, వాణ్ణి చూసి వెనకవాడు. తాళాలవాడు, కాఫీ ఆవిడ, ఎన్నో ఆదివారాలు ఆమె చేతి వెన్న కేకు తిన్నవాళ్లందరూ ఎత్తారు. వద్దనేవాళ్లు ఎత్తమంటే ఇర్మెలా ఒక్కతే ఎత్తింది, రెండు చేతులూ ఎత్తింది. ఒకటి చాలని వోల్క్‌మార్ అన్నా దించలేదు. హెన్నింగ్ రెండుసార్లూ చేతులు కర్ర మీదే పెట్టుకుని, నేల వైపు చూస్తూ ఉండిపోయాడు.

అదే సభలో పలకల పదవి ఆమె దగ్గర్నుంచి తీసేసుకున్నారు. పుట్టినరోజునాడు రాయి నిలబెట్టి, పాత కథంతా పెద్దక్షరాల్లో ఉన్న ఇత్తడి పలకని దానికి బిగించారు. బ్యాండు మోగింది. కూనో రాట్కే మాత్రం రాలేదు. తన పక్కటెముకలు అబద్ధమాడవని వోల్క్‌మార్‌కి ఫోన్లో చెప్పి పెట్టేశాడట.

ఇర్మెలా ఇంట్లో కూర్చుందనుకున్నారా? మరుసటి ఆదివారం మ్యూజియం కిటికీ దగ్గర వరసలో నిలబడి టికెట్టు కొంది. కౌంటరు మీద కాఫీ ఆవిడే కూర్చుని ఉంది. మీకెందుకండీ టికెట్టు, రండి అంది. సభ్యురాలిని కాను, డబ్బిచ్చిన సందర్శకురాలిని, నన్ను మాట్లాడొద్దనే హక్కు ఎవరికీ లేదంది. నేరుగా వెళ్లి బండికి కుడి పక్కన నిలబడింది. వచ్చిన ప్రతివాళ్లకీ దాని అసలు పేరు చెప్పడం మొదలుపెట్టింది. సీటు చూడమంది, గొట్టం కొస చూడమంది, నేలరేకు తడమమంది. వోల్క్‌మార్ వచ్చి గొంతు తగ్గించమన్నాడు. టికెట్టు చూపించింది. మళ్లీ ఆదివారం మళ్లీ కొంది.

నాలుగో వారమో అయిదో వారమో హెన్నింగ్ వచ్చాడు. కుర్చీ తెచ్చుకుని బండికి ఎడం పక్కన వేసుకుని కూర్చున్నాడు. ఇంకేముంది, ఊరికి పండగైంది. కుడి పక్క చెల్లెలు స్విట్జర్లాండ్ కథ, ఎడం పక్క అన్న చెరువు కథ. జనం అటు విని ఇటు, ఇటు విని అటు తిరిగేవాళ్లు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వీళ్ల పోట్లాట చూడ్డానికే వచ్చేవాళ్లు. అన్నాచెల్లెళ్ల మధ్య ఒక్క మాట లేదు, ఒకరి వైపు ఒకరు చూసుకునేది కూడా లేదు. అయితే మూడింటికి కాఫీ ఆవిడ ఇర్మెలా చేతిలో ఇంట్లో చేసిన బక్‌వీట్ పిండి కేకు ముక్క పెట్టి వెళ్లేది. ఎవరు పంపారని ఇర్మెలా అడిగేది కాదు. తినేసి పళ్లెం తిరిగిచ్చేది.

చెవి అటు వేసి ఉంచడం ఆమె మానలేదు. అలా విని విని, ఆకులు రాలే రోజుల్లో ఒక సంగతి పట్టింది. హెన్నింగ్ ఏప్రిల్ కథ చెప్పేవాడు, గొర్రెలు, సిపాయిలు, బుడగలు, నాన్న చెంపదెబ్బ అన్నీ చెప్పేవాడు. చెరువు తోడిన సంగతీ చెప్పేవాడు. అక్కడితో ఆపేవాడు. అదే బండి ఇది అని ఒక్కసారి కూడా అనలేదు. ఎవరైనా, అంటే ఇదేనా అని అడిగితే, పక్కనున్న ఆవిణ్ణి అడగండి అనేవాడు. ఊరు దాన్ని పోట్లాట అనుకుంది. ఇర్మెలాకి మాత్రం అర్థమైంది. అయినా వెళ్లి పలకరించలేదు. అతను నోరు తెరిచి చెప్పేదాకా పలకరించకూడదని పట్టుపట్టింది. ఆ పట్టు వాళ్ల నాన్నది, ఇద్దరికీ సమానంగా పంచి ఇచ్చాడు.

హెన్నింగ్ నోరు తెరవనే లేదు. చలికాలానికి మ్యూజియం మూశారు. ఫిబ్రవరిలో ఒక పొద్దున వంటింట్లో కూలబడి, అక్కడే పోయాడు. ఇర్మెలా వెళ్లేసరికి పక్కింటివాళ్లు కళ్లు మూసేశారు. బతికుండగా పలకరించని మనిషి చేయి, చల్లబడిపోయిన చేయి, పట్టుకుని ఆమె ఆ పూటంతా వదల్లేదు.

ఖననం అయ్యాక హోటల్లో కాఫీ, వెన్న కేకు. వోల్క్‌మార్ నల్లకోటులో వచ్చి ఆమె పక్కన కూర్చుని, సానుభూతి చెప్పి, మెల్లిగా అసలు మాట ఎత్తాడు. మ్యూజియంలని తనిఖీ చేయడానికి ప్రభుత్వం నుంచి పరిశీలకులు వస్తున్నారు. తప్పు పేరు కనిపిస్తే పరువు పోతుంది. ఇప్పుడు నొచ్చుకునేవాళ్లు కూడా ఎవరూ లేరు కదా. వచ్చే వారమే సమావేశం వేసి, మీరు చెప్పిన పేరు పెట్టేద్దాం, మీ పదవీ మీకిచ్చేద్దాం అన్నాడు. పలక మీద ఏం రాయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. జి-13, కింద ఒక ముక్క: హెన్నింగ్ టీడెమాన్ చెప్పిన మాట నమ్మి సంఘం ఇన్నాళ్లు మోసపోయింది.

ఇర్మెలా కప్పు కింద పెట్టింది. తను కోరుకున్న పేరు, అక్షరం పొల్లు పోకుండా, వెండి పళ్లెంలో పెట్టి తెచ్చాడు. ఔనంటే చాలు. సమావేశానికి వస్తానని మాత్రం చెప్పింది.

ఆ వారమంతా ఇంట్లో ఏం చేసిందో ఎవరికీ తెలియదు. సమావేశం రోజున అదే హాలు, అవే బీర్లు. వోల్క్‌మార్ లేచి దివంగతుడైన హెన్నింగ్‌కి నివాళి చెప్పించి, ఆ వెంటనే అతను అందర్నీ తప్పుదారి పట్టించిన సంగతి విచారంగా ప్రకటించి, పేరు మార్చడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండన్నాడు. చేతులు లేవబోయాయి.

"దించండి," అంది ఇర్మెలా.

అరవలేదు. అయినా అన్ని చేతులూ దిగిపోయాయి.

"మా అన్నయ్య ఒక్కసారి అబద్ధమాడాడు. ఒక్కడే ఆడాడు, నవ్వులపాలు కాకూడదని ఆడాడు. నేను నిజం చెప్పిన రోజున ఈ హాల్లోనే అందరూ విన్నారు, విని చేతులెత్తారు. ఆ రోజు ఆ పేరుకి చెయ్యెత్తనివాళ్లు ఇద్దరు. ఒకరు నేను. రెండోవాడు నిన్నగాక మొన్న మట్టిలో కలిశాడు. మిమ్మల్నెవరు మోసం చేశారండీ? ఎవరినంటున్నారు?"

తాళాలవాడు గ్లాసులోకి చూస్తున్నాడు. ఆమె వంగి, బల్ల కింద గుడ్డలో చుట్టి ఉన్న పలక తీసి అందరికీ కనిపించేలా నిలబెట్టింది. నల్లరంగు, ఆమె చేతిరాత. వోల్క్‌మార్ కళ్లద్దాలు పెట్టుకుని, తప్పక, పైకి చదివాడు.

జి-13. యుద్ధం తరవాత చెకోస్లొవాకియాలో, స్విట్జర్లాండ్ సైన్యం కోసం తయారైంది. ఈ ఊరికి తెచ్చినవాడు హెన్నింగ్ టీడెమాన్. దీని తోటి వేట బండి ఒకటి మన చెరువులో మునగడం పదిహేనేళ్ల వయసులో అతను చూశాడు. తెలియక దీనికి తప్పు పేరు రాసింది ఇర్మెలా టీడెమాన్. తెలిశాక కూడా చేతులెత్తి ఆ పేరే ఉంచింది ఈ సంఘం.

ఆఖరి వాక్యం దగ్గర అతని గొంతు సన్నబడింది. కళ్లద్దాలు తీసి, ఇది కుదరదన్నాడు. పరిశీలకులు చదువుతారు, ఊరు చదువుతుంది. మొదటి వాక్యం ఉంచి మిగతాది తీసేద్దామన్నాడు. ఉంటే మొత్తం ఉంటుంది, లేకపోతే మీ ఇత్తడిదే ఉంచుకోండి, పరిశీలకులు వచ్చిన రోజున నేను టికెట్టు కొనుక్కుని అక్కడే ఉంటానని ఇర్మెలా చెప్పింది. వోల్క్‌మార్‌కి ఇంకొక దారి తోచింది. పలక మీద వేలు పెట్టి, ఆమె ఆయుధాన్నే ఆమె మీదికి తిప్పాడు.

"చెరువులో మునగడం చూశాడని రాశారు. చూశానని చెప్పాడు అని కూడా కాదు, చూశాడట. రుజువేదండీ? అక్కడ దొరికింది ఒక విరిగిన చక్రం. ఇనుము చెప్పందే నమ్మకూడదని మాకు ఇన్నేళ్లు నూరిపోసింది మీరే కదా?"

హాలంతా ఆమె వైపు చూసింది. దెబ్బ సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. ఆ ప్రశ్న ఇర్మెలా ఆ వారమంతా ఇంట్లో కుంచె పట్టుకుని తనని తాను అడుగుతూనే ఉంది.

"లేదు," అంది. "రుజువు లేదు. నా బతుకులో రుజువు లేకుండా రాసిన మాట అదొక్కటే. ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చి చూశానని చెప్పాడు. ఊరంతా రుజువడిగింది. చచ్చేదాకా అడుగుతూనే ఉంది. నేను అడగను."

పలకని గుడ్డలో చుట్టలేదు, అలాగే చంకలో పెట్టుకుంది. చేతిసంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి బల్లల మధ్య నుంచి తలుపు వైపు నడిచింది. వోల్క్‌మార్ వెనక నుంచి ఓటు, ఓటు అని ఏదో అంటున్నాడు. ఒక్క చేయి కూడా లేవలేదు. తాళాలవాడు మాత్రం గ్లాసు వదిలి, జేబులో గుత్తి తడుముకుంటూ, షెడ్డు తలుపు తీయడానికి ఆమె వెనకే లేచి వెళ్లాడు.